ఇంజిన్ రబ్బర్లు, కాటుక గీత

ఇది వంశ గౌరవం కోసం జరిగిన పోరాటం. ఇందులో ఒక రథం ఉంది. ఆ రథాన్ని ప్రాణం పోయినా వదలని సారథి ఉన్నాడు. అతణ్ని పక్కకు తప్పించాలని సొంత తమ్ముడే నవ్వుతూ పన్నిన పన్నాగం ఉంది. చివర్లో, ఆళ్లగడ్డ నడివీధిలో, బ్యాండు మోగుతుండగా, రెండు వైపుల బంధువులూ చూస్తుండగా, ఎవరి బలం ఎంతో తేలిపోయిన ఘట్టం ఉంది. పర్వాలుగా విడగొట్టి రాయాల్సిన కథ.

నిజానికి అంత లేదు. మా నాయన పాత కారులో ఇంజిన్ రబ్బర్లు అరిగిపోయాయి. మార్పించాం. కానీ రాయడానికి కూర్చున్నాక లేచిపోతే బాగుండదు.

మాది నంద్యాల. నాయన గడివేముల హైస్కూల్లో లెక్కల మాస్టరు. రోజూ కారులోనే పోయి వస్తాడు. కారు డీజిలుది. కాగితాల ప్రకారం దాని రంగు వెండి, చూడటానికి మాత్రం గడివేముల దారి దుమ్ము రంగు. ఏ కారులోనైనా ఇంజిన్ నేరుగా ఇనుము మీద కూర్చోదు. మధ్యలో మందపాటి రబ్బరు దిమ్మెలు ఉంటాయి. మెకానిక్కులు వాటిని మౌంటింగులంటారు. ఇంజిన్ ఎంత వణికినా ఆ వణుకు మన దాకా రాకుండా మింగేయడం వాటి పని. మా కారులో అవి మింగడం ఎప్పుడో మానేశాయి. స్టార్ట్ చేస్తే ముందు స్టీరింగ్ వణికేది, తర్వాత అద్దాలు, ఆ తర్వాత డాష్‌బోర్డు మీద అమ్మ అంటించిన బైబిలు వాక్యం స్టిక్కరు, ఆఖరున మా బుగ్గలు. ఆపినప్పుడు నీళ్లలోంచి లేచిన కుక్కలా ఒళ్లంతా ఒక్కసారి విదిలించి ఆగేది. నాయన ఎప్పుడైనా తాళం తిప్పి ఇంజిన్ ఆపడం మరిచిపోయినా కారు ఊరుకునేది కాదు, సీటు కింద నుంచి పొడిచి పొడిచి గుర్తు చేసేది. ఊగుతుంటే ఆన్‌లో ఉన్నట్టు, ఊగకపోతే ఆఫ్‌లో ఉన్నట్టు. ఇంట్లో అందరికీ అదే లెక్క.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంటి ఆడపిల్ల ఎవరి పెళ్లయినా చర్చికి నాయన కారులోనే రావాలి. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. ఇంట్లో మొదట కారు కొన్నది ఆయన కాబట్టి మొదలైంది, వద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేక కొనసాగింది. సంప్రదాయాలు చాలావరకు ఇలాగే పుడతాయని నా అనుమానం. కిందటిసారి మేనత్త కూతురి పెళ్లికి, చర్చి చేరేసరికి పెళ్లికూతురి తలలో పూలు సగమే మిగిలాయి. కారులో ఆమె పక్కన కూర్చుని తీసిన వీడియో చూస్తే భూకంపం వార్తల్లా ఉంటుంది. అయినా నాయనతో ఎవరూ ఏమీ అనలేదు. "నీ కార్లో నిద్ర పట్టదు మామా, అదొక మేలు" అన్నాడు కొత్త అల్లుడు. నాయన దాన్ని పొగడ్త కింద రాసుకున్నాడు.

ఈసారి పెళ్లి ఆళ్లగడ్డ చిన్నాయన కూతురిది. చిన్నాయన నాయనకు సొంత తమ్ముడు. ఎరువుల అంగడి పెట్టి బాగా పైకొచ్చాడు. పెళ్లి పనుల మీద నంద్యాల వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగుతూ, వేరే ఏదో మాట మధ్యలో మెల్లగా దూర్చాడు.

"అన్నా, నీకెందుకు ఇంక శ్రమ. ఒక కారు మాట్లాడినాంలే. ఏసీ బాగుంటాదంట."

నాయన గ్లాసు కింద పెట్టాడు. "మన కారుకు ఏసీ లేదా?"

"ఉండాదిలేన్నా."

"మరి?"

"ఉండాది గానీ... అది పెడితే ఇంకా ఊగుతాది కదన్నా."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన ముందు అనడం అదే మొదటిసారి.

"ఊగేది యాడ?" అన్నాడు నాయన. "డీజిలు బండి అన్నాక కొంచెం ప్రాణం ఉంటాది."

"బండికి ఉండాదిలే ప్రాణం," అంది అమ్మ వంటింట్లోంచి. "ఎక్కినోళ్లకే పోతాండాది."

ఎగతాళి ఒక్క నిమిషం పక్కన పెడతాను. నాయనకు అది చిన్న విషయం కాదు. తమ్ముడు అన్న కంటే పెద్ద ఇల్లు కట్టాక, అన్న అనే హోదా మిగిలేది ఇలాంటి చోట్లే. పెళ్లిళ్లలో మిగతా సమయమంతా ఆయన కుర్చీలు సర్దే మాస్టరు. ఆ స్టీరింగ్ ముందు కూర్చున్న కాసేపే ఆ ఇంటి పెద్ద. పైగా ఆయనకు కూతుళ్లు లేరు. ఉన్నది నేనొక్కణ్నే. నన్ను పూలు పెట్టి ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. సరే, ఎగతాళి మళ్లీ మొదలైపోయింది.

చిన్నాయన పోగానే నాయన నేరుగా పెళ్లికూతురికే ఫోన్ చేశాడు. చెల్లి ఆళ్లగడ్డలోనే ఒక బడిలో చిన్న పిల్లలకు చెబుతుంది. మా వంశంలో మొహం మీద మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

"పెద్దనాయనా, నాకు నీ కార్లో రావాలనే ఉండాది," అంది. "కానీ ఆ రోజు మొహం నిండా రంగు ఉంటాది. ఒక పని చేద్దాం. నీ కార్లో కూర్చోని కాటుక పెట్టుకుంటా. గీత తిన్నగా వస్తే నీ కారే. రాకపోతే అద్దె కారు."

"సరే."

"ఇంజిన్ ఆన్‌లో ఉండాల."

"సరే అంటాండా కదా."

అలా మా వంశ గౌరవం ఒక కాటుక పెన్సిలు మొన మీదికి వచ్చింది.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చిన వెంటనే కారును మెకానిక్ భాయ్ షెడ్డుకు తీసుకుపోయాం. భాయ్ పని బాగా చేస్తాడు, మాటలు ఇంకా బాగా చెబుతాడు. బానెట్ ఎత్తి, నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కి ఫస్టు గేరులో క్లచ్ కొంచెం వదలమన్నాడు. వదిలాను. ఇంజిన్ లేచి బయటకు చూసి మళ్లీ కూర్చుంది.

"ఏందీ సారూ, ఇది దిగి ఇంటికి పోదామనుకుంటాండాది," అన్నాడు భాయ్. "మౌంటింగులు మూడూ మార్చాల."

"పాడైనవి ఎన్ని?" అన్నాడు నాయన.

"ఒకటి పోయింది. రెండు పోతాండాయి."

"పోయినదాన్ని మార్చు. పోతాండేవి పోయినాక చూద్దాం."

భాయ్ నా వైపు చూశాడు. నేను షెడ్డు రేకుల వైపు చూశాను. లెక్కల మాస్టరుతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు, అమ్మ తప్ప. ఆమె కూడా ఎప్పుడూ వాదించలేదు, నేరుగా గెలిచేది.

ఇంజిన్ కింద జాకీ పెట్టి, జాకీ మీద చెక్క ముక్క పెట్టి, భాయ్ ఇంజిన్‌ను కొంచెం పైకి లేపాడు. బోల్టులు ఊడదీసి పాత దిమ్మె బయటకు లాగాడు. రబ్బరు ఒక వైపు, ఇనుము ఒక వైపు విడిపోయి ఉన్నాయి. రెండింటి మధ్య ఎవరో నల్లటి ముక్క ఒకటి కోసి దూర్చారు. భాయ్ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"లారీ టైరు," అన్నాడు. "సారూ, మీ ఇంజిన్ ఇన్నాళ్లూ లారీ టైరు మీద కూర్చోనుంది."

"నేనే పెట్టించినా, గడివేములలో," అన్నాడు నాయన ఏమాత్రం తగ్గకుండా. "తాత్కాలికంగా."

"ఎప్పుడు?"

"మావాడు ఇంటర్ చదివేటప్పుడు."

ఆ తర్వాత నేను డిగ్రీ చదివి, ఒక ఉద్యోగంలో చేరి, అందులోంచి బయటపడి, ఇంకోటి వెతుక్కుంటున్నాను. ఆ టైరు ముక్క మాత్రం అదే పోస్టులో కొనసాగింది. మా ఇంట్లో అంత నిలకడ ఉన్నది దానికే.

ఒక్క మౌంటింగు మార్చి కారు బయటకు తీశాం. ఊపు తగ్గలేదు, చోటు మారింది. అంతకు ముందు స్టీరింగ్‌లో ఉండేది, ఇప్పుడు వెనక ఎడమవైపు సీటు కిందికి చేరింది. పెళ్లికూతురు కూర్చునేది సరిగ్గా అక్కడే. నాయన వెనక సీట్లో కూర్చుని కాసేపు తానే పెళ్లికూతురై చూసుకుని, దిగి, "మిగతా రెండూ మార్చేయ్ భాయ్," అన్నాడు. ఓడిపోయినట్టు కాదు, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు.

మూడూ కొత్తవి పడ్డాయి. చివరి బోల్టులు బిగించే ముందు భాయ్ జాకీ దించి, ఇంజిన్ బరువు పూర్తిగా రబ్బర్ల మీద పడనిచ్చి, రెండు చేతులతో దాన్ని అటూ ఇటూ ఊపి సర్దాడు. కొత్త కోడలిని సోఫాలో కూర్చోబెట్టినంత మర్యాదగా చేశాడు. అప్పుడు బిగించాడు. స్టార్ట్ చేసి, నిండు టీ గ్లాసు ఒకటి ఇంజిన్ మూత మీద పెట్టాడు. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి చూశారు. టీ ఒలకలేదు. అందరినీ చూడనిచ్చాక భాయ్ ఆ టీ తాగేశాడు.

కారు బాగైంది. ఇబ్బంది నాయనకు మొదలైంది.

అన్నేళ్లుగా ఆయన కారును చెవులతో కాదు, ఎముకలతో నడిపాడు. ఇప్పుడు ఎముకలకు సమాచారం అందడం లేదు. "బండి ఉండాదో లేదో తెలీడం లే," అంటూ ఇంటి ముందు ఆన్‌లో ఉన్న ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేశాడు. లోపల ఇనుము ఇనుమును కొరికిన చప్పుడు వచ్చింది. ఎదురింటి వాళ్లు బయటకు వచ్చారు. గడివేముల బడి ముందు కూడా అదే చేశాడు. భాయ్‌కి తెలిసి ఫోన్ చేసి, "సారూ, ఆడేదాన్ని మల్ల ఆడిస్తే స్టార్టరు పళ్లు రాలిపోతాయి. తాళం జోలికి ఊరికే పోవాకండి," అని గట్టిగా చెప్పాడు. నాయన జీవితంలో ఇంకొకరి మాట తు.చ. తప్పకుండా పాటించింది ఆ ఒక్కసారే. ఆ మాటను కూడా పాటించకుండా ఉంటే బాగుండేది.

కాటుక పరీక్షకు ఆళ్లగడ్డ పోయాం. శిరివెళ్ల దాటాక నాయన పాటలు కూడా పాడాడు. ఆ కారులో గొంతు వణకకుండా పాట వినడం మాకు కొత్త. చిన్నాయన ఇంటి ముందు కారు ఆగింది. చెల్లి చిన్న అద్దం, పెన్సిలు పట్టుకుని వెనక ఎడమవైపు సీట్లో కూర్చుంది. అమ్మ, పిన్ని అటువైపు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఇంక స్టార్ట్ చెయ్ పెద్దనాయనా," అంది.

"నేను ఆపితే కదా," అన్నాడు నాయన, వెనక్కి కూడా తిరగకుండా. ఆ ఒక్క మాట అనడానికే ఆయన నంద్యాల నుంచి వచ్చినట్టుంది.

చెల్లి కింది రెప్ప లాగి పట్టుకుని గీత గీసింది. చిన్నాయన కిటికీలోంచి తల పెట్టి, విత్తనాల నాణ్యత చూసినట్టు ఆ కన్ను చూశాడు. గీత తిన్నగా ఉంది.

"రెండోది కూడా పెట్టు," అన్నాడు.

రెండోదీ తిన్నగానే వచ్చింది. చిన్నాయన పక్కకు పోయి, అద్దె కారు వాళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పాడు. నాయన మొహంలో ఏ భావమూ లేదు. దాన్ని అలా నిలబెట్టడానికి చాలా కష్టపడ్డాడు.

పెళ్లి రోజు కారు నిండా పూలు, ముందు బ్యాండు, స్టీరింగ్ ముందు ఇస్త్రీ చొక్కాలో నాయన. పక్క సీట్లో నేను. డీజిలు ముల్లు ఎర్ర గీత మీద పడుకుని ఉంది. నాయన ట్యాంకు ఎప్పుడూ నింపడు. ఏ రోజుది ఆ రోజుకు పోయించుకోవడమే ఆయన పద్ధతి. నింపి పెట్టుకోవడం ఆయన దృష్టిలో గర్వం.

"నాయనా, డీజిలు," అన్నాను.

"ఇంటి నుంచి చర్చి, చర్చి నుంచి హాలు, హాలు నుంచి బంకు. లెక్క ఉండాది నాకాడ."

ఆ లెక్కలో తప్పేమీ లేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. దూరాలన్నీ సరిగ్గానే కూడాడు.

చర్చి ముందు కారు ఆగింది. బ్యాండు చెవులు పగిలేలా మోగుతోంది. పెళ్లికూతురి తలుపు ఇంకెవరూ తీయకముందే తాను తీయాలని నాయన చటుక్కున దిగాడు. తీశాడు. చెల్లి దిగింది, పూలు అన్నీ ఉన్నాయి, కాటుక ఉంది, కళ్లలో నవ్వు కూడా ఉంది. ఆ రోజు కనిపించినంత ఎత్తుగా నాయన ఇంకెప్పుడూ కనిపించలేదు. తాళం కారుకే వదిలేశాడు. మా వైపు పెళ్లిళ్లలో అది మర్యాద. వెనక ఎవరి బండైనా ఇరుక్కుంటే ముందున్నదాన్ని వాళ్లే తీసి పెట్టుకుంటారు. పెళ్లికి జనరేటరు తెచ్చినవాళ్లు దాన్ని కారు పక్కనే దించి ఆన్ చేశారు.

లోపల పెళ్లి పెళ్లిలాగే జరిగింది. పాస్టరు అయ్యగారు భర్తల బాధ్యతల గురించి కొంచెం, భార్యల బాధ్యతల గురించి ఎక్కువ చెప్పారు. ఊరి నుంచి వచ్చిన ఇంకో అయ్యగారు, ముందాయన మరిచిపోయినవి ఉంటాయేమోనని అన్నీ మళ్లీ చెప్పారు. పాటలు, ఉంగరాలు, సంతకాలు, మళ్లీ పాటలు. అందరం చెమటలతో బయటకు వచ్చాం.

కొత్త జంట వెనక కూర్చున్నారు. నాయన స్టీరింగ్ ముందు కూర్చుని, అద్దం సర్దుకుని, తాళం తిప్పాడు. స్టార్టరు తిరిగింది. ఇంజిన్ పలకలేదు. మళ్లీ తిప్పాడు. పలకలేదు. బ్యాండు వాళ్లు ఒక పాట అయిపోగొట్టి, కారు కదలకపోవడంతో అదే పాట మళ్లీ ఎత్తుకున్నారు.

"అద్దె కారు ఉండి ఉంటే..." అని చిన్నాయన మొదలుపెట్టి, పిన్ని చూపు చూసి అక్కడే ఆపేశాడు.

నాయన భాయ్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"భాయ్, బండి స్టార్ట్ కాలే."

"రబ్బర్లకూ స్టార్టుకూ సంబంధం లే సారూ. డీజిలు ఉండాదా?"

"బంకు దాకా వచ్చేంత ఉండాది."

"ఆడ ఎంతసేపు నిలబెట్టినారు?"

"పెళ్లి అయ్యేంతసేపు."

"ఆపినారా?"

"ఏందీ?"

"దిగేటప్పుడు ఇంజిన్ ఆపినారా అంటాండా."

నాయన ఎదురుగా ఉన్న అద్దంలోంచి చాలా దూరం చూశాడు.

"ఊగడం లే కదప్పా," అన్నాడు చివరికి.

ఫోన్లో భాయ్ గొంతు, సంతోషం దాచుకోలేక, "అంటే పని అంత బాగొచ్చిందన్నమాట," అంది.

జనరేటరు మనిషి దగ్గరకు వచ్చాడు. "మీ బండి ఏసీ చప్పుడు, ఇంజిన్ చప్పుడు అన్నీ మాదాని లోపలివే అనుకుంటి సార్. ఇందాక ఒక చప్పుడు తగ్గింది. మాదే బాగుపడిందనుకుంటి."

పెళ్లికొడుకు వైపు వాళ్లకు కొత్త కారు ఉంది. వాళ్లు మంచివాళ్లు, వెంటనే తెచ్చి పక్కన పెట్టారు. చిన్నాయన వెనక తలుపు తీసి, "దిగమ్మా, అందులో పోదాం," అన్నాడు. నాయన స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేదు, తల మాత్రం కొంచెం దించాడు. ఇప్పుడు చెల్లి దిగితే ఇక మా ఇంట్లో ఏ పెళ్లికూతురూ ఆ కారు ఎక్కదని అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆయన వైపు చూడలేదు.

చెల్లి కదల్లేదు.

"ఈ చీర సర్దుకోని కూర్చునేదానికే ఇంతసేపు పట్టింది నాయనా. మల్ల దిగి మల్ల ఎక్కేది నా వల్ల కాదు. తోయండి."

"తోసేదా?"

"హాలు ఆ సందు చివరే కదా."

పెళ్లికొడుకు పాపం, సాయం చేద్దామని తలుపు వైపు జరిగాడు.

"నువ్వు యాడికి?" అంది చెల్లి. "కూర్చో."

ఆమె సంసార జీవితంలో ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. అతను కూర్చున్నాడు.

అలా తోశాం. నేను, చిన్నాయన, పెళ్లికొడుకు వైపు కోట్లు తొడుక్కున్న మామలు, డోలు పక్కన పెట్టి వచ్చిన బ్యాండు అతను. రోడ్డు పక్క శిల్పుల షెడ్ల ముందుకు వచ్చేసరికి మాకు ఊపిరి అయిపోయింది. రాతి పొడితో తెల్లగా ఉన్న మనుషులు ఉలులు పక్కన పెట్టి వచ్చి చేతులు వేశారు. ఇంకా ముక్కు చెక్కని దేవుళ్లు వరసగా నిలబడి మా వైపు చూశారు. ఇంజిన్ ఆడకపోతే స్టీరింగ్ రాయిలా బిగుసుకుంటుంది. మలుపు దగ్గర నాయన రెండు చేతులతో, ఒక భుజంతో దాన్ని తిప్పాడు. వెనక నుంచి చూస్తే నిజంగా రథమే తోలుతున్నట్టు ఉంది. లాగే గుర్రాలు మాత్రం వెనక ఉన్నాయి, అందులో ఒకదానికి బీపీ ఉంది.

"పెద్దనాయనా," అంది చెల్లి లోపల నుంచి, అందరికీ వినిపించేలా. "నీ కారు ఇంత మెత్తగా ఎప్పుడూ పోలే."

"మూడూ మార్పించినా కదమ్మా," అన్నాడు నాయన.

హాలు ముందు కారు ఆగింది. నాయన దిగాడు, పెళ్లికూతురి తలుపు ఆయనే తీశాడు. ఆ తర్వాత వెనక్కి వచ్చి తాళం ఆఫ్ చేసి, తీసి జేబులో వేసుకుని, జేబు ఒకసారి తట్టి చూసుకున్నాడు. వచ్చే ఏడాది పెళ్లి పెట్టుకోవాలనుకుంటున్న ఇంకో చెల్లి, భోజనాల దగ్గర ఆయన పక్కన కూర్చుని, "నాకు కూడా నువ్వే పెద్దనాయనా, కానీ ట్యాంకు నింపాల," అంది. నాయన ఒప్పుకున్నాడు. గర్వం అనే మాట ఎత్తలేదు.

నేను బంకుకు పోయి క్యానుతో డీజిలు తెచ్చి పోశాను. స్టార్ట్ కాలేదు. డీజిలు బండి ట్యాంకు పూర్తిగా ఎండిపోతే పైపుల్లోకి గాలి చేరుతుంది. అప్పుడు డీజిలు పోస్తే సరిపోదు, ఫిల్టరు పక్కనున్న చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి ఆ గాలి బయటకు తీసేయాలి. నేను నొక్కాను, కాసేపటికి ఇంజిన్ పలికింది, ఊగకుండా.